బొగ్గు రేణువు – రెండు సెకన్ల ప్రయాణం

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారి మీద, కృష్ణానది ఒడ్డుకు చేరువలో ఇబ్రహీంపట్నం ఉంది. అక్కడ చీలిన మరొక రహదారి కొండపల్లి, జి.కొండూరుల మీదుగా ఉత్తరంగా సాగి మైలవరం చేరుతుంది. మైలవరం శాసనసభ నియోజకవర్గంలో భాగమైన ఈ ఇబ్రహీంపట్నంలోనే డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలికి అధ్యక్షుడిగా చిరకాలం పనిచేసిన తాతారావు పేరు పెట్టకముందు దానిని విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం అనేవారు. ప్రజలు నేటికీ పాత అలవాటు కొద్దీ వి.టి.పి.ఎస్. అనే అంటారు. 1979లో 210 మెగావాట్ల మొదటి యూనిట్ పని ప్రారంభించింది. 1995 నాటికి అటువంటి యూనిట్లు ఆరయ్యాయి. 2009లో 500 మెగావాట్ల యూనిట్, 2023లో 800 మెగావాట్ల యూనిట్ వాటికి తోడయ్యాయి. మొత్తం స్థాపిత సామర్థ్యం 2,560 మెగావాట్లు.

ఈ కేంద్రానికి ఆహారం బొగ్గు. సింగరేణి గనుల నుంచి, ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి అది రైళ్లలో వస్తుంది. గోదావరి లోయలో ఇల్లెందు సమీపాన బొగ్గు ఉన్నదని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కోట్ల సంవత్సరాలు భూగర్భంలో నిద్రించిన ఈ బొగ్గు వెలికివచ్చి, రైలెక్కి, కేంద్రానికి చేరి, పొడి అయి, బాయిలర్ కొలిమిలో ప్రవేశించిన తరువాత అక్కడ గడిపే కాలం సుమారు రెండు సెకన్లు మాత్రమే. ఆ స్వల్ప వ్యవధిలోనే అది వేడిని ఇస్తుందా, వ్యర్థంగా మిగిలిపోతుందా, గాలిని ఎంత కలుషితం చేస్తుంది అన్న విషయాలు చాలావరకు తేలిపోతాయి. కనుక ఆ రెండు సెకన్లలో ఒక చిన్న బొగ్గు రేణువుకు ఏమి జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

"బొగ్గు మండుతుంది" అని మనం ఒక్క మాటలో చెబుతాం. నిజానికి అది ఒక్క క్రియ కాదు. కొన్ని దశల వరుస. ఆ వరుసను అర్థం చేసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. పల్లెటూరి కట్టెల పొయ్యిని గమనించినా చాలు. పచ్చికట్టెను పొయ్యిలో పెడితే మొదట చివర నుంచి నీరు చిమ్ముతూ బుసబుసలాడుతుంది. తరువాత దట్టమైన పొగ వస్తుంది. ఊదుగొట్టంతో ఊదగానే ఆ పొగే భగ్గుమని మంటగా మారుతుంది. కొంతసేపటికి మంట తగ్గి, ఎర్రని నిప్పులు మిగులుతాయి. వాటి మీద పెద్ద మంట కనిపించదు గాని, వేడి మాత్రం చాలాసేపు ఉంటుంది. చివరకు బూడిద మిగులుతుంది. నీరు పోవడం, పొగ పుట్టడం, పొగ మండడం, నిప్పు కాలడం, బూడిద మిగలడం అన్న ఈ వరుసలోనే బొగ్గు రేణువు కూడా నడుస్తుంది. పొయ్యిలో అరగంట పట్టే పని కొలిమిలో రెండు సెకన్లలో ముగుస్తుంది. అంతే భేదం.

ఈ వరుసకు కారణం బొగ్గు నిర్మాణంలోనే ఉంది. ప్రయోగశాలలో బొగ్గును పరీక్షించేటప్పుడు నాలుగు అంశాలను కొలుస్తారు. మొదటిది తేమ. రెండవది బాష్పశీల పదార్థాలు, అంటే వేడి తగలగానే వాయువులుగా, ఆవిరులుగా విడివడేవి. మూడవది స్థిర కర్బనం, అంటే ఆ వాయువులు పోయిన తరువాత ఘనరూపంలో మిగిలి కాలగలిగేది. నాలుగవది బూడిద. బాష్పశీల పదార్థాలను కొలవడానికి ఒక గ్రాము బొగ్గు పొడిని మూత ఉన్న చిన్న మూసలో ఉంచి, గాలి తగలకుండా 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఏడు నిమిషాలు వేడిచేస్తారు. బరువులో కలిగిన తగ్గుదల నుంచి తేమ బరువును తీసివేస్తే బాష్పశీల పదార్థాల పరిమాణం తెలుస్తుంది.

మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. విద్యుత్ కేంద్రాలకు వచ్చే బొగ్గులో అది సాధారణంగా నూటికి 30 నుంచి 45 వంతుల వరకు ఉంటుంది. దీనికి మూలం అతి ప్రాచీనమైనది. గోదావరి, మహానది లోయలలోని బొగ్గు పొరలు గోండ్వానా కాలానికి చెందినవి. ఆనాటి వృక్షశేషాలు వరదనీటితో కొట్టుకువచ్చి, బురదతో, ఒండ్రుతో కలిసి పేరుకున్నాయి. అందువల్ల మట్టి ఖనిజాలు బొగ్గులో విడివిడి రాళ్లుగా కాక, పిండిలో ఉప్పు కలిసినట్లు అణువణువునా కలిసిపోయాయి. కడిగినంత మాత్రాన అవి పూర్తిగా వదలవు. ఈ బొగ్గులో గంధకం తక్కువగా ఉండడం ఒక మేలు. బూడిద ఎక్కువగా ఉండడం ఒక కీడు. ఈ రెండూ కలిసే మన కేంద్రాల కొలుముల రూపకల్పనను నిర్ణయించాయి.

కేంద్రానికి వచ్చిన బొగ్గు పెళ్లలను మొదట చిన్న ముక్కలుగా కొట్టి, తరువాత భారీ మిల్లులలో మెత్తని పొడిగా నూరుతారు. ఈ పొడిలో సుమారు 70 శాతం 75 మైక్రాన్ల రంధ్రాలున్న జల్లెడ గుండా జారిపోవాలి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి తల వెంట్రుక మందం దాదాపు ఇంతే ఉంటుంది. ఇంత మెత్తగా నూరడం ఎందుకు? ఒక సెంటీమీటరు భుజం గల బొగ్గు ఘనాన్ని ఊహించుకొందాం. దాని ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లు. దానిని 100 మైక్రాన్ల భుజం గల ఘనాలుగా కోస్తే పది లక్షల ముక్కలవుతాయి. వాటి మొత్తం ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. బొగ్గు అదే, బరువూ అదే, కాని గాలి తాకగల చోటు నూరు రెట్లు పెరిగింది. దహనం జరిగేది గాలి తాకిన చోటనే. ఒక కిలో బొగ్గును 60 మైక్రాన్ల వ్యాసం గల గుండ్రని రేణువులుగా మార్చగలిగితే ఆరు వందల కోట్లకు పైగా రేణువులు తయారవుతాయి. వాటిలో ప్రతి ఒక్కటీ విడిగా తన ప్రయాణాన్ని పూర్తిచేయాలి.

మిల్లులోకి పంపిన వేడిగాలి పొడిని కొంతవరకు ఆరబెట్టి, తనతో మోసుకొని గొట్టాల ద్వారా కొలిమికి తెస్తుంది. కొలిమి లోపల ఉష్ణోగ్రత 1,300 నుంచి 1,600 డిగ్రీల వరకు ఉంటుంది. సుమారు 80 డిగ్రీల వద్ద ఉన్న రేణువు ఒక్కసారిగా ఈ అగ్నిగుండంలో పడుతుంది. చుట్టూ ఉన్న జ్వాలల నుంచి వికిరణం ద్వారా, వేడి వాయువుల తాకిడి ద్వారా అది సెకనుకు 10,000 నుంచి 1,00,000 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. రేణువు చిన్నది కాబట్టి ఈ వేగం సాధ్యమవుతుంది. అదే పిడికెడు పెళ్ల అయితే పైభాగం ఎర్రబడినా లోపల చల్లగానే ఉండిపోతుంది. నూరు డిగ్రీలు దాటగానే రేణువులోని తేమ ఆవిరై పోతుంది. ఇది మొదటి దశ.

ఉష్ణోగ్రత 350, 400 డిగ్రీలకు చేరేసరికి అసలు మార్పు మొదలవుతుంది. బొగ్గు అంటే కేవలం కర్బనం కాదు. కర్బన పరమాణువుల వలయాలు ఒకదానితో ఒకటి అల్లుకొని, వాటి మధ్య హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, గంధకం పరమాణువులు చేరి ఏర్పడిన పెద్ద అల్లిక అది. వేడి పెరిగినప్పుడు ఈ అల్లికలో బలహీనంగా ఉన్న బంధాలు ముందుగా తెగుతాయి. తెగిన తునకలలో చిన్నవి మీథేన్, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి వంటి వాయువులుగా బయటపడతాయి. పెద్దవి తారు ఆవిరులుగా వెలువడతాయి. బలమైన బంధాలున్న భాగం ఘనరూపంలో నిలిచిపోతుంది. ఈ విధంగా వేడి ప్రభావం చేతనే ఒక పదార్థం విడిపోవడాన్ని ఉష్ణ వియోగం అంటారు. ఇంజనీర్లు వాడే పైరాలసిస్ అనే మాటకు అర్థం ఇదే. దీనికి ఆక్సిజన్ అవసరం లేదు. ఇది దహనం కాదు, దహనానికి ముందు జరిగే సిద్ధత. బొగ్గు మొదట విడిపోతుంది, ఆ తరువాతనే మండుతుంది.

ఉష్ణ వియోగం ఎంత వేగంగా జరుగుతుందన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. కట్టెబొగ్గు తయారుచేసేవారు కట్టెలను పేర్చి, ఆకులు, మట్టి కప్పి, గాలి చొరకుండా రోజుల తరబడి నిదానంగా కాల్చుతారు. గాలి లేకపోవడం చేత కట్టె మండిపోదు. నిదానంగా వేడెక్కడం చేత బొగ్గు ఎక్కువగా మిగులుతుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో కోకు తయారయ్యేదీ ఈ సూత్రం మీదనే. అక్కడ మూసి ఉన్న ఓవెన్లలో బొగ్గును గంటల తరబడి వేడిచేసి, వాయువులను, తారును వేరుచేసి, గట్టి కోకును మిగుల్చుకొంటారు. ఇందుకు వేడికి మెత్తబడి ముద్దకట్టే జాతి బొగ్గు కావాలి. సింగరేణి బొగ్గుకు ఆ గుణం లేదు. అందుచేత ఉక్కు కర్మాగారం విదేశీ బొగ్గు మీద ఆధారపడవలసి వచ్చింది. విద్యుత్ కేంద్రానికి మాత్రం సింగరేణి బొగ్గు చక్కగా సరిపోతుంది.

కొలిమిలో జరిగేది దీనికి వ్యతిరేకం. అక్కడ వేడి మెరుపులా తగులుతుంది. రేణువు లోపల పుట్టిన తారు ఆవిరులు తిరిగి ఒకదానితో ఒకటి అతుక్కొని ఘనంగా మారేలోపే బయటకు దూసుకువస్తాయి. అందువల్ల ప్రయోగశాలలో ఏడు నిమిషాల పరీక్ష చూపిన దానికంటే ఎక్కువ బాష్పశీల పదార్థాలు కొలిమిలో వెలువడతాయి, ఘనభాగం అంతమేరకు తగ్గుతుంది. ఒకే బొగ్గు నిదానంగా వేడెక్కితే ఒక విధంగాను, వేగంగా వేడెక్కితే మరొక విధంగాను విడిపోతుందన్నమాట. అందుకే కొలిమిని రూపొందించే ఇంజనీరు ప్రయోగశాల అంకెను యథాతథంగా నమ్ముకోడు.

వెలువడిన ఆవిరులు రేణువు చుట్టూ ఒక మేఘంలా కమ్ముకొంటాయి. ఆ మేఘం అంచున ఆక్సిజన్ కలిసిన చోట మంట పుడుతుంది. రేణువుల గుంపు ఒక్కసారిగా ఇలా మండినప్పుడు మనకు ప్రకాశవంతమైన జ్వాల కనిపిస్తుంది. ఆ వెలుగుకు కారణం వాయువులు మాత్రమే కావు. ఆక్సిజన్ చాలినంత అందని చోట తారు ఆవిరులు మసి కణాలుగా మారి, అవి వేడికి తెల్లగా మెరుస్తాయి. కొవ్వొత్తి వెలుగు కూడా ఇటువంటి ఘన కర్బన కణాల వల్లనే వస్తున్నదని మైకేల్ ఫారడే లండన్‌లో 1860–61లో బాలబాలికల కోసం చేసిన ప్రసంగాలలో చక్కగా వివరించాడు. ఈ దశ సెకనులో పదవ వంతు కంటే తక్కువ కాలంలో ముగుస్తుంది. కొలిమిలో మంట ఆరిపోకుండా నిలబడడానికి ఇదే ఆధారం. ఒక రేణువు నుంచి వెలువడిన ఆవిరుల మంట వెనుక వచ్చే రేణువును వేడిచేస్తుంది. ఒక దీపం నుంచి మరొక దీపం వెలిగినట్లు ఈ గొలుసు తెగకుండా సాగుతుంది. బాష్పశీల పదార్థాలు తక్కువగా ఉన్న బొగ్గుతో జ్వాల నిలకడగా ఉండకపోవడానికి కారణం ఇదే.

ఆవిరులు వెళ్లిపోయిన తరువాత మిగిలినది చిల్లులు పడిన నల్లని కర్బనపు గుల్ల. దీనిని చార్ అంటారు. పొయ్యిలోని నిప్పుకు ఇది సమానం. ఇక్కడి నుంచి పని నిదానిస్తుంది. వాయువు వాయువుతో క్షణంలో కలిసిపోతుంది. కాని చార్ ఘనపదార్థం. ఆక్సిజన్ అణువు దాని దగ్గరకు రావాలి, ఉపరితలాన్ని తాకాలి, కర్బనంతో కలవాలి, పుట్టిన వాయువు తొలగి వెనుకవచ్చే ఆక్సిజన్‌కు చోటివ్వాలి. అధిక ఉష్ణోగ్రత వద్ద రేణువు ఉపరితలం మీద ఎక్కువగా పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. అది రేణువుకు కొంత దూరం జరిగి, మరికొంత ఆక్సిజన్‌ను గ్రహించి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఈ రెండవ మెట్టు జరగకపోతే నష్టం పెద్దది. ఒక కిలో కర్బనం పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారితే సుమారు 7,800 కిలోకాలరీల వేడి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే సుమారు 2,200 కిలోకాలరీలు మాత్రమే వస్తుంది. మిగిలిన వేడి పొగగొట్టం గుండా పోతుంది. పైగా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకమైన విషవాయువు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించడం ప్రమాదమని పెద్దలు హెచ్చరించడానికి కారణం ఇదే.

చార్ కాలే వేగాన్ని నిర్ణయించేది ఏది? ఉష్ణోగ్రతను బట్టి జవాబు మారుతుంది. ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నప్పుడు ఆక్సిజన్ సమృద్ధిగా అందుతున్నా రసాయన చర్యే మందకొడిగా ఉంటుంది. బొగ్గు యార్డులలో కుప్పలు లోలోపల నెమ్మదిగా వేడెక్కి, తమంత తాముగా రాజుకోవడం ఈ విధంగానే మొదలవుతుంది. అందుకే కుప్పలను యంత్రాలతో అణగదొక్కి గాలి చొరకుండా చేస్తారు. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ రసాయన చర్య ఎన్నో రెట్లు వేగవంతమవుతుంది. అప్పుడు ఆక్సిజన్ రేణువు రంధ్రాలలోకి కొంత దూరం పోయేసరికే ఖర్చయిపోతుంది. ఇంకా పెరిగితే రేణువు ఉపరితలాన్ని చేరిన ఆక్సిజన్ చేరినట్టే ఖర్చయిపోతుంది. అప్పటి నుంచి వేగాన్ని నిర్ణయించేది రసాయన చర్య కాదు, గాలిలో నుంచి ఆక్సిజన్ రేణువును చేరుకొనే వ్యాపన క్రియ. విందులో వడ్డించేవారు చాలక భోక్తలు విస్తళ్ల ముందు వేచి ఉన్నట్లు, కర్బనం సిద్ధంగా ఉండి ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తుంది.

ఆక్సిజన్ రాకే వేగాన్ని నిర్ణయించే స్థితిలో రేణువు కాలడానికి పట్టే కాలం దాని వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు అవుతుంది. 50 మైక్రాన్ల రేణువుతో పోలిస్తే 200 మైక్రాన్ల రేణువుకు పదహారు రెట్ల కాలం కావాలి. కొలిమి మాత్రం అందరికీ ఇచ్చే గడువు ఒక్కటే, ఆ రెండు సెకన్లే. చిన్న రేణువు గడువు లోపల పూర్తిగా కాలిపోతుంది. పెద్ద రేణువు సగం కాలి, పైకి పోయే వాయువులతో చల్లని ప్రదేశానికి చేరుతుంది. అక్కడ దాని నిప్పు ఆరిపోతుంది. మిల్లులో నూరే భాగాలు అరిగి పొడి కొంచెం ముతకబడినా బూడిదలో నల్లదనం పెరగడానికి కారణం ఈ వర్గ నియమమే.

గాలి సంగతీ ఇటువంటిదే. లెక్క ప్రకారం చాలినంత గాలి మాత్రమే ఇస్తే ప్రతి రేణువుకూ ఆక్సిజన్ దొరకదు. అందువల్ల సుమారు 20 శాతం అదనంగా ఇస్తారు. మరీ ఎక్కువ ఇచ్చినా మేలు కాదు. ఆ గాలిని కూడా వేడిచేసి పొగగొట్టం గుండా వదలవలసి వస్తుంది. ఇటువంటి కొలుములలో విస్తృతంగా వాడే ఒక పద్ధతిలో బొగ్గు పొడిని, గాలిని నాలుగు మూలల నుంచి కొద్దిగా ఏటవాలుగా చిమ్ముతారు. ధారలు నాలుగూ మధ్యలో కలిసి సుడి తిరిగే అగ్నిగోళంగా మారతాయి. ఆ సుడిలో రేణువులు కొంత ఎక్కువసేపు నిలుస్తాయి, గాలితో బాగా కలుస్తాయి. వేడి, కాలం, కలయిక అనే మూడూ కుదిరితేనే దహనం సంపూర్ణమవుతుంది.

బొగ్గు పొడికి గల ఈ శక్తి కొలిమికి వెలుపల విజృంభిస్తే ఎంత ఘోరం జరుగుతుందో చరిత్ర చెబుతున్నది. 1844లో ఇంగ్లండులోని హాస్వెల్ గనిలో విస్ఫోటం జరిగి 95 మంది మరణించారు. ఆ ప్రమాదాన్ని పరిశీలించిన ఫారడే, చార్లెస్ లయల్ గని వాయువుతో పాటు బొగ్గు ధూళి కూడా మంటను వ్యాపింపజేసిందని గుర్తించారు. ఆ హెచ్చరికకు తగిన విలువ చాలాకాలం వరకు దక్కలేదు. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియే గనులలో బొగ్గు ధూళి విస్ఫోటానికి 1,099 మంది బలయ్యారు. అక్కడ జరిగిందీ ఇదే వరుస. గాలిలో తేలే రేణువులు వేడెక్కాయి, ఆవిరులు వెలువరించాయి, ఆ ఆవిరులు మండి పక్కనున్న రేణువులను రగిల్చాయి. తరువాతి కాలంలో గనుల దారులలో మెత్తని రాతిపొడి చల్లడం ఆచారమైంది. ఆ రాతిపొడి వేడిని తాను గ్రహించి, రేణువు నుంచి రేణువుకు పాకే గొలుసును తెంచుతుంది. విద్యుత్ కేంద్రపు మిల్లులలో కూడా గాలి ఉష్ణోగ్రత హద్దు మీరకుండా నిరంతరం కనిపెట్టి ఉండడానికి ఈ భయమే కారణం.

దహనం ముగిసిన తరువాత మిగిలేది బూడిద. కొలిమి వేడికి మట్టి ఖనిజాలు కరిగి, పైకి ఎగురుతూ చల్లబడి గాజు పూసల వంటి అతి చిన్న గోళాలుగా మారతాయి. కొన్ని గోళాలు లోపల డొల్లగా ఉండి నీటి మీద తేలుతాయి. మొత్తం బూడిదలో సుమారు 80 శాతం ఇలా వాయువులతో ఎగిరిపోయేదే. విద్యుదావేశంతో బూడిదను ఆకర్షించే ప్రెసిపిటేటర్ అనే సాధనాలు దీనిని పట్టుకొంటాయి. ఇబ్రహీంపట్నం పరిసరాలలో దీనితో ఇటుకలు తయారుచేస్తారు. సిమెంటులోనూ కలుపుతారు. ఉపయోగపడని బూడిదను నీటితో కలిపి బూడిద చెరువులకు పంపుతారు. అది ఎండి గాలికి లేచిన రోజున చుట్టుపక్కల ఇళ్ల మీద, చెట్ల మీద, మనుషుల ఊపిరితిత్తులలో చేరుతుంది.

చార్ ఎంతవరకు కాలిందన్నది ఇక్కడ మళ్లీ ముందుకు వస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలనుకొంటే, 210 మెగావాట్ల యంత్రం పూర్తి శక్తితో నడిచినప్పుడు గంటకు దాదాపు 150 టన్నుల బొగ్గు కాలుతుంది. అందులో మూడవ వంతు బూడిద అయితే గంటకు 50 టన్నుల బూడిద వస్తుంది. ఆ బూడిదలో నూటికి ఒక్క వంతు కర్బనం కాలకుండా మిగిలినా రోజుకు 12 టన్నుల కర్బనం వృథా అయినట్లే. కార్మికులు గని లోతులలో ప్రాణాలకు తెగించి తవ్విన బొగ్గు, వందల కిలోమీటర్లు రైలులో వచ్చిన బొగ్గు, చివరి అర సెకను చాలక బూడిద చెరువు పాలవుతుంది. కర్బనం ఎక్కువైతే ఆ బూడిద సిమెంటుకూ పనికిరాదు. అందుకు వాడే బూడిదను మళ్లీ కాల్చి చూసినప్పుడు బరువులో తగ్గుదల 5 శాతానికి మించరాదని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది. కాబట్టి కొలిమిలో పొదుపు, ఊరిలో శుభ్రత పరస్పరం ముడిపడి ఉన్నాయి.

ఉష్ణ వియోగ జ్ఞానం మరొక విధంగా కూడా ఉపకరిస్తుంది. బొగ్గులో ఉన్న నైట్రోజన్‌లో కొంత ఆవిరులతో పాటే వెలువడుతుంది. ఆ సమయంలో ఆక్సిజన్ అధికంగా ఉంటే అది నైట్రోజన్ ఆక్సైడులుగా మారి గాలిని కలుషితం చేస్తుంది. ఆక్సిజన్ కొరతగా ఉంటే అందులో చాలా భాగం హానిలేని నైట్రోజన్ వాయువుగా మారిపోతుంది. అందువల్ల గాలినంతా ఒక్కసారిగా ఇవ్వక, ఆవిరులు వెలువడే చోట కొంత తగ్గించి, పైభాగాన మిగిలినది ఇచ్చి చార్‌ను కాల్చే పద్ధతి రూపొందింది. రేణువు ఏ క్షణంలో ఏ దశలో ఉన్నదో తెలియకపోతే ఈ ఉపాయం తట్టేది కాదు. మన దేశంలో 2015లో కేంద్ర ప్రభుత్వం విద్యుత్ కేంద్రాలు వదిలే ధూళికి, గంధక, నైట్రోజన్ ఆక్సైడులకు, పాదరసానికి కొత్త పరిమితులు విధించిన తరువాత ఇటువంటి పద్ధతులకు ప్రాధాన్యం పెరిగింది.

అయితే దహన శాస్త్రానికి కూడా ఒక హద్దు ఉంది. పొగను, మసిని, విషవాయువును, వృథా కర్బనాన్ని అది తగ్గించగలదు. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం తొలగించలేదు. దహనం ఎంత సంపూర్ణమైతే అంత కర్బనమూ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. 12 గ్రాముల కర్బనం నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. భూతాపాన్ని పెంచే ఆ వాయువును తగ్గించాలంటే అదే బొగ్గుతో ఎక్కువ విద్యుత్తు తీయాలి, లేదా బొగ్గునే తక్కువగా కాల్చాలి. 2023లో మొదలైన 800 మెగావాట్ల యూనిట్‌లో నీటి ఆవిరిని అత్యధిక పీడనం, ఉష్ణోగ్రతల వద్ద వాడడం మొదటి మార్గానికి ఉదాహరణ. సూర్యరశ్మి, గాలి వంటి వనరుల నుంచి విద్యుత్తు తీయడం రెండవ మార్గం. అనవసరంగా వెలిగే దీపాన్ని, ఎవరూ లేని గదిలో తిరిగే పంకాను ఆపడం కూడా ఆ రెండవ మార్గంలోనిదే. మనం పొదుపు చేసిన ప్రతి యూనిట్‌తోనూ సుమారు 700 గ్రాముల బొగ్గు భూమిలోనే నిలిచిపోతుంది. పావు కిలోకు దగ్గరగా బూడిద పుట్టకుండా పోతుంది. కొన్ని వందల కోట్ల రేణువులకు ఆ రెండు సెకన్ల ప్రయాణం తప్పుతుంది.